అప్‌డేట్: అమ్మ అజీర్తికి కారణం తెలిసింది

నాలుగు ముద్దలకే అమ్మకి పొట్ట నిండిపోతోందని, పైపొట్టలో మంట, పుల్లటి త్రేన్పులు వస్తున్నాయని ఇంతకుముందు అడిగాను కదా. మీరు చెప్పిన వాము నీళ్లు, జీలకర్ర కషాయం అన్నీ అయ్యాయి. కాసేపు తేలిగ్గా ఉండేది, మళ్లీ మామూలే.

చివరికి గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించాం. ఆయన ముందు ఈసీజీ తీయించారు. ఈ వయసులో గుండె నొప్పి కూడా గ్యాస్‌లాగే అనిపించవచ్చట. అది బాగానే ఉంది. "ఏయే మాత్రలు వేసుకుంటారమ్మా?" అని అడిగితే అమ్మ కొంగు ముడి విప్పి సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీసింది. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో కొనుక్కున్న డైక్లోఫెనాక్, పొట్టలో పుండు పడేలా చేయగల నొప్పి మాత్ర! అదీ పరగడుపున, కాఫీతో. ఇంట్లో ఎవరికీ తెలీదు.

60 దాటాయి కాబట్టి ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయంలో చిన్న పుండు ఉంది, దానికి తోడు హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా. రెండు యాంటీబయాటిక్‌లు, యాసిడ్ తగ్గించే మాత్ర కలిపి 14 రోజుల కోర్సు రాశారు. యాసిడ్ మాత్ర టిఫిన్‌కి అరగంట ముందే వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే అంతగా పనిచేయదు. నోరంతా చేదని రోజూ గొడవే, అయినా కోర్సు పూర్తిచేసింది.

ఇప్పుడు మంట లేదు. మోకాళ్లకి పైపూత మందు. బ్యాక్టీరియా పోయిందో లేదో తెలుసుకునే టెస్ట్ ఇంకా ఉంది. యాసిడ్ మాత్ర ఆపిన రెండు వారాలకి గానీ చేయరట, లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు. ఈలోగా విరేచనం నల్లగా అయినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే రమ్మన్నారు. ఆవకాయ ఎప్పటినుంచి తినొచ్చో మాత్రం అమ్మే డాక్టర్‌ని అడుగుతుందట.