ఇండస్ట్రియల్ టెక్నోలో కొత్తవి అన్నీ ఒకేలా ఉన్నాయి, మంచివి చెప్పండి

బాలానగర్_పోరడు:
మూడేళ్లుగా డార్క్ ఇండస్ట్రియల్ టెక్నో, అంటే ఫ్యాక్టరీ మిషన్ల మోతలా ఉండే డాన్స్ మ్యూజిక్, వింటున్నా. ఈమధ్య కొత్త రిలీజ్ ఏది పెట్టినా పావుగంటకే తల వాచిపోతోంది. అదే 150 బీపీఎం (నిమిషానికి 150 దెబ్బలు), అదే చిరిగిపోయిన కిక్ (డ్రమ్ దెబ్బ), కవర్ చూడకపోతే ఎవరిదేదో తెలీదు. మా నాన్నకి ఇక్కడే బాలానగర్‌లో రేకులు కొట్టే చిన్న ప్రెస్ షాపు ఉండేది, చిన్నప్పుడు సెలవులన్నీ అందులోనే గడిచాయి. పెడల్ తొక్కగానే డై (అచ్చు) దిగి రేకు మీద ధడేల్‌మని పడేది, అయితే నాకు నచ్చింది ఆ దెబ్బ కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఫ్లైవీల్ గుర్రుమని తిరగడం, వదులైన బెల్టు టపటపలాడటం. ఆ మధ్యలోది కొత్తవాటిలో దొరకట్లేదు. ఈ రెండు మూడేళ్లలో వచ్చినవి ఏమైనా ఉంటే చెప్పండి. ప్లేలిస్టులు చూడమని మాత్రం అనకండి, అక్కడ విసిగే ఇక్కడికొచ్చా.

రాత్రి_షిఫ్టు:
నువ్వు వింటున్నది స్పీడూ దెబ్బే తప్ప ఇంకేం లేని హార్డ్ టెక్నో తమ్ముడూ, దానికి ఇండస్ట్రియల్ అని స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారు. ముందు సర్జన్ అనే ఆర్టిస్టు ఆల్బమ్ 'క్రాష్ రికాయిల్' విను, 2023లో ట్రెసార్ అనే లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) నుంచి వచ్చింది. స్టేజీ మీద లైవ్‌గా వాయిస్తూ వాయిస్తూ పెంచుకున్న ట్యూన్లు కాబట్టి ఎక్కడా బిగదీసినట్టుండదు, ఒక శబ్దం మెల్లగా జరిగి ఇంకోదానికి చోటిస్తుంది. తర్వాత శాండ్‌వెల్ డిస్ట్రిక్ట్ అనే గ్రూపు 2025 ఆల్బమ్ 'ఎండ్ బిగినింగ్స్'. 2010లో 'ఫీడ్-ఫార్వర్డ్' ఇచ్చినవాళ్లే, ఇన్నేళ్లకి మళ్లీ వచ్చారు. వాళ్లలో ఒకడైన సైలెంట్ సర్వెంట్ 2024 జనవరిలో చనిపోయాడు, అది తెలిసి వింటే ఇంకోలా ఉంటుంది. నిజానికి ఇది ఇండస్ట్రియల్ కన్నా మెత్తన, కానీ చీకటి మాత్రం చిక్కగా ఉంటుంది. తిక్కగా కావాలంటే బ్లావన్ అనే ఆర్టిస్టు ఆల్బమ్ 'సిక్ఎలిక్సర్', అదీ 2025దే. నాకైతే సగమే ఎక్కింది. పాతదైనా పర్వాలేదంటే పర్క్ అనే ఆర్టిస్టు 2017లో తెచ్చిన ఆల్బమ్ 'బిటర్ మ్యూజిక్' వదలకు. 2004 నుంచి సొంత లేబుల్ పర్క్ ట్రాక్స్ నడుపుతున్నాడు, ఆన్సమ్ లాంటి ఆర్టిస్టులని అక్కడే పట్టాలి. కొనేటట్టయితే పాటలమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' చూసుకుని కొను, ఆ రోజు సైటు తన వాటా వదులుకుంటుంది.

మర్ఫా_భాయ్:
డబ్బులిచ్చి మరీ తలనొప్పి కొనుక్కునేది మీరే భయ్యా 😂 ఒకసారి బార్కస్‌లో బారాత్‌కి రా, మర్ఫా డప్పులు మొదలైతే గంటసేపు అదే దరువు, ఎవరికీ విసుగు రాదు. ఎందుకంటే కొట్టేవాడి చెయ్యి ప్రతిసారీ కొంచెం మారుతుంది. మీ మిషన్ మారదు, అందుకే వాస్తోంది తల.

కిక్_మెకానిక్:
భాయ్ నవ్వుతూ చెప్పినా పాయింటే అది. నేను ఇంట్లో కూర్చుని ఇలాంటి ట్రాకులే చేస్తుంటా కాబట్టి చెప్తున్నా. నీకు కావాల్సిన ఆ గుర్రుని రంబుల్ అంటారు. కిక్‌ని రివర్బ్‌లోకి (ప్రతిధ్వని ఎఫెక్ట్) పంపి, పైనున్న ఫ్రీక్వెన్సీలన్నీ కోసేసి, మిగిలిందానికి కాస్త డిస్టార్షన్ (శబ్దం చిరిగేలా చేసే ఎఫెక్ట్) పెట్టి, కిక్ పడ్డప్పుడల్లా అది తగ్గేలా సైడ్‌చెయిన్ చేస్తాం. కిక్ తగ్గగానే అది పైకి లేస్తుంది. స్పీడు 150 దాటితే అది లేచేలోపే తర్వాతి కిక్ మీద పడుతుంది, పైగా మాస్టరింగ్‌లో (చివరి మెరుగుల్లో) అంతా పిండేస్తారు, ఇంక మధ్యలో ఏం మిగుల్తుంది? ఇంతకీ దేంట్లో వింటున్నావ్? ఫోన్ స్పీకరైతే మాత్రం తప్పు పాటది కాదు, 100 హెర్ట్జ్ కింద ఉండే లోతైన శబ్దం దాంట్లో దాదాపు ఏమీ రాదు.

బాలానగర్_పోరడు:
ఫోనే 🙈 ఇయర్‌ఫోన్స్ అప్పు తెచ్చుకుని సర్జన్‌ది మెట్రోలో విన్నా, అమీర్‌పేటలో దిగాల్సింది మర్చిపోయా. శాండ్‌వెల్ రాత్రి కజిన్ స్పీకర్లలో పెట్టా, నేను వెతుకుతున్నది ఇదే. బ్లావన్ నాకూ ఎక్కలేదు. పక్కగదిలోంచి నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏ మిషన్‌రా అది, బేరింగ్ పోయేలా ఉంది, గ్రీజు పెట్టమను" అని వెళ్లి పడుకున్నాడు.