కీమో మందు నరం బయటికి లీకైంది: ఐస్ పెట్టాలా, వేడి కాపడమా?

గుంటూరు_కోడలు: మా అత్తయ్యగారికి బ్రెస్ట్ క్యాన్సర్. మధ్యాహ్నం ఆ ఎర్ర మందు, అదే అడ్రియామైసిన్, ఎక్కిస్తుంటే మంట అన్నారు. సిస్టర్ వెంటనే ఆపేసి, సూది తీయకుండానే సిరంజితో మందు వెనక్కి లాగింది. ఐస్ పెట్టుకోమని ఇంటికి పంపారు. ముంజేయి వాచింది. పక్కింటి పిన్నిగారేమో వేడి కాపడం పెడితే వాపు లాగేస్తుందంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఎవరికైనా ఇలా అయిందా?

డేకేర్_సిస్టర్: కాపడం వద్దే వద్దు అమ్మా. వేడికి రక్తనాళాలు విచ్చుకుని మందు ఇంకా పాకుతుంది. ఐస్ గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు, ఒకటి రెండు రోజులు. రుద్దకండి. చేయి దిండు మీద ఎత్తి పెట్టండి, వాపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి రోజూ ఫోటో తీయండి. సూది పీకేయకుండా ముందు మందు లాగారు చూడండి, అది సరైన పని.

వరంగల్_నాన్న: మా బాబుకి బ్లడ్ క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్ లీకైతే వేడే పెట్టమన్నారే! లీకైన మందు చెదిరి ఇంకిపోవడానికి హయలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ కూడా చుట్టూ వేశారు.

డేకేర్_సిస్టర్: విన్‌క్రిస్టిన్‌కి వేడే అన్నా, ఆ మందు ఒకచోట నిలవకుండా చెదిరిపోవాలి. ఆక్సాలిప్లాటిన్‌కి ఐస్ పెట్టకూడదు, అసలే ఆ మందుకి చల్లదనం పడదు. అందుకే మందు పేరు తెలియకుండా సలహా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

డాలస్_బావ: కోడలు గారూ, డెక్స్‌రజోక్సేన్ గురించి ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. ఎర్ర మందు లీకైతే ఇచ్చే విరుగుడు, అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. లీకైన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి వరసగా మూడు రోజులు నరం ద్వారా ఇస్తారు, రెండో చేతికి. చర్మం మీద పూసే డీఎంఎస్‌ఓ అనే ద్రవం కూడా ఉంది కానీ రెండూ కలిపి వాడరు. ఏది అవసరమో ఆంకాలజిస్టే చెప్పాలి, రేపటిదాకా ఆగొద్దు.

గుంటూరు_కోడలు: ఫోన్ చేశాం, వెంటనే రమ్మన్నారు. ఆటోలో ఉన్నాం.

వరంగల్_నాన్న: మంచి పని చేశారు. ఇవాళ వాపు తగ్గినా వదిలేయకండి, బొబ్బలు, పుండు కొన్ని రోజుల తర్వాత కూడా తేలతాయి. చర్మం నల్లబడితే ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించమని మాకు ముందే చెప్పి పెట్టారు.

కొత్త_పేషెంట్: నాకు అదే మందుకి నరం పొడవునా ఎర్రగా గీతలా లేచి దురద పెట్టి, కాసేపటికి తగ్గింది. అదీ లీకేనా?

డేకేర్_సిస్టర్: వాపు, నొప్పి లేకుండా తగ్గిపోతే చాలావరకు అలర్జీ లాంటిదే, లీక్ కాదు. కానీ అక్కడికక్కడే తేల్చుకోవాలి, చిన్న మంటైనా మొహమాటపడకుండా సిస్టర్‌ని పిలవండి, రక్తం వెనక్కి వస్తోందో లేదో చూస్తారు. కోడలు గారూ, మిగతా సైకిల్స్‌కి కీమో పోర్ట్ (చర్మం కింద అమర్చి పెద్ద నరంలోకి మందు పంపే చిన్న పరికరం) గురించి అడగండి. ఆపరేషన్ అయిన వైపు చేతికి మాత్రం సూది గుచ్చనివ్వకండి.