అరిగిన రూపాయికి వెండి ధరేనా?

వక్కలడబ్బా:
మా నాయనమ్మ వక్కల డబ్బాలో ఒక విక్టోరియా రూపాయి దొరికింది. రాణి ముక్కూ కిరీటమూ ఎప్పుడో పోయాయి, మొహం ఉండాల్సిన చోట నున్నటి ఉబ్బు మిగిలింది. బొరుసు వైపు సెల్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుంటే 1862 కనిపిస్తోంది. తూకం 11.1 గ్రాములు. నాణేలు కొనే ఒకాయన చేతిలోకి కూడా తీసుకోకుండా "వెండి రేటు ఇస్తా" అన్నాడు. అంతేనా దీని బతుకు?

బొమ్మాబొరుసు:
ఆయన అన్నదాంట్లో తప్పేముందండీ? కొత్తలో ఈ రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.67 శాతం వెండి. మీదాంట్లో పది గ్రాముల పైచిలుకు మిగిలింది. 1862 చూసి మురిసిపోకండి. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొట్టారు. ఆ అంకెలకు పైనా కిందా ఉండే చుక్కల్నీ, రాణి బొమ్మలో చిన్న చిన్న తేడాల్నీ చూసి ఏ రకమో తేల్చాలి. మీదాంట్లో అవే అరిగిపోయాయి. రకం తెలియనిదాన్ని ఆల్బమ్‌లో ఏ గడిలో పెట్టుకోను?

చిల్లికాని:
ఆల్బమ్‌లో ఎందుకు, అరచేతిలో పెట్టుకోండి. తళతళలాడే 1862 రూపాయి ఏ ఇనప్పెట్టెలోనో మూలిగి ఉంటుంది. ఇది సంతలు తిరిగింది. రొంటిన దోపుకున్నారు, చెంగున ముడేశారు. అర గ్రాము పైన వెండి అలా పోయింది. డబ్బు లెక్కే కావాలంటారా? అమెరికాలో నాణేలకు 1 నుంచి 70 దాకా గ్రేడు వేస్తారు. 1 అంటే ఏ నాణెమో, ఏ ఏడాదిదో పోల్చుకోగలిగితే చాలు. 'లోబాల్' అని పనిగట్టుకుని అలాంటివే వెతికి కొనేవాళ్లున్నారు. వాళ్ల పాత వెండి డాలర్లలో కొన్నిసార్లు ఆ ఒకటో గ్రేడుది, ఓ మోస్తరుగా అరిగినదానికంటే ఎక్కువ పలుకుతుంది.

బొమ్మాబొరుసు:
డాలర్ల సంగతి వదిలేయండి. ఈ రూపాయి మీరు కొంటారా?

చిల్లికాని:
కొంటా. వెండి రేటు మీద రెండొందలు ఎక్కువిస్తా.

బొమ్మాబొరుసు:
ఇంత ఉపన్యాసానికి రెండొందలా!

కాసులపేరు:
మీ బేరం కాస్త ఆపండి. మా ఇంట్లో దీపావళి పూజలో పెట్టే రూపాయిని అమ్మమ్మ ఏటా చింతపండు, బూడిద వేసి తోమేది. బొమ్మ మొత్తం పోయింది. అది సంతలోనూ తిరగలేదు, రొంటికీ ఎక్కలేదు. దాన్నీ 'జనం చేతుల్లో అరిగింది' అంటారా చిల్లికాని గారూ?

చిల్లికాని:
అనను. అది పాడుచేయడం. అయినా తెలిసిపోతుంది. చేతుల్లో అరిగినదానికి అంచుతో సహా నునుపొస్తుంది. తోమినదాని మీద భూతద్దం పెడితే ఒకే వాటంలో సన్నటి గీతలుంటాయి. వక్కలడబ్బా గారూ, ఒకసారి చూసి చెప్పండి.

వక్కలడబ్బా:
ఇప్పుడే చూశా. అంచు నున్నగానే ఉంది. రాణి మెడ మీద మాత్రం గీతలే గీతలు, అన్నీ ఒకే వాటం. నాయనమ్మ కూడా తోమినట్టుంది. ఆ రెండొందల మాట అలాగే ఉందా?

చిల్లికాని:
నూటయాభై.