ఆ అంచు దాకా వెళ్లి వెనక్కొచ్చినవాళ్ల అనుభవాలు: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

కూకట్‌పల్లి వాలంటీర్:
సెప్టెంబర్ 10, ఆత్మహత్యల నివారణ దినానికి కాలేజీ పేజీలో, యూట్యూబ్‌లో తెలుగు అనుభవాలు పెట్టాలనుకుంటున్నాం. ఆరుగురు రాసిచ్చారు. నలుగురు ప్రయత్నించి బయటపడ్డవాళ్లు, ఇద్దరు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. ఒక అనుభవం 1,400 పదాలుంది, అందులో 900 ఆ రాత్రి గురించే. కత్తిరిస్తే నిజాయితీ పోతుందని కొందరు, ఉంచితే ప్రమాదమని కొందరు. అసలు ఇలాంటివి పెట్టొచ్చా? పేర్లు, కామెంట్ల సంగతేంటి?

ఓపీ కౌన్సెలర్:
పెట్టొచ్చు, పెట్టే తీరును బట్టి. వియన్నా పరిశోధకులు ఆస్ట్రియా పత్రికల వార్తలు జల్లెడ పట్టి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆలోచన వచ్చినా తట్టుకుని నిలబడ్డవాళ్ల గురించి రాసిన తర్వాత ఆత్మహత్యలు తగ్గినట్టు, ఒకే మరణం గురించి పదే పదే రాసిన తర్వాత పెరిగినట్టు కనిపించింది. మొదటిదాన్ని పాపగేనో ఎఫెక్ట్ అంటారు.

కాబట్టి ఆ 900 పదాలను 150 చేయండి. ఎలా, ఎక్కడ, దేనితో అన్నవి పూర్తిగా పోవాలి. రాసిపెట్టిన ఉత్తరంలోని మాటలు కూడా. ‘ఆ రాత్రి ఇక చాలనుకున్నాను’ అంటే సరిపోతుంది, అదీ నిజమే.

మిగిలిన చోటంతా ఆ తర్వాత జరిగినదానికి ఇవ్వండి. ‘కుటుంబం అండతో కోలుకున్నాను’ అన్న వాక్యం వల్ల చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. మొదటి ఫోన్ ఎవరికి చేశారు? ఏ మాటతో మొదలుపెట్టారు? అవతలివాళ్లు ఏమన్నారు? ఓపీ చీటీకి ఎంతసేపు నిలబడ్డారు? మన ఊళ్లో ‘ఎర్రగడ్డ’ అనేది మానసిక ఆస్పత్రి పేరు కన్నా ముందు ఒక తిట్టు. అక్కడికి వెళ్లినవాళ్లు లోపల మామూలు ఓపీలాగే ఉంటుందని రాస్తే ఆ ఒక్క పేరా పది పోస్టర్ల పెట్టు.

మందుల విషయంలో జాగ్రత్త. ‘మందులు వేసుకున్నా, తగ్గింది’ అని రాస్తారు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి మామూలుగా 2 నుంచి 6 వారాలు పడుతుంది, కడుపులో తిప్పడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. ఆ మధ్య రోజుల్లోనే చాలామంది ‘నాకు పడలేదు’ అని మానేస్తారు. ఆ ఎదురుచూపు ఎలా గడిచిందో తప్పక అడిగి రాయించండి. మందు పేరు, మోతాదు వద్దు.

డెస్క్ మనిషి:
భాష గురించి ఒక్క మాట. ‘పాల్పడ్డాడు’ కొట్టేయండి. దొంగతనానికి, మోసానికి పాల్పడతారు. ఇదేం నేరం కాదు: 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడమంటుంది. ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి లేనే లేదు. ‘విఫలయత్నం’ వద్దు, బతకడం ఫెయిలవడం కాదు. ‘తనువు చాలించాడు’ అనేది చావుకు పూలదండ వేస్తుంది. ‘ఆత్మహత్య వల్ల చనిపోయారు’, ‘ప్రాణం తీసుకోబోయారు’ చాలు. ఆత్మహత్య అన్న మాటనే దాచేసి చుక్కలు పెట్టొద్దు.

‘మార్కులు తక్కువొచ్చాయని’ అంటూ ఒకే కారణానికి కట్టేయకండి. ఇంటర్ ఫలితాల రోజుల్లో అదే మార్కులు పట్టుకుని కూర్చున్న పిల్లలు చదువుతారు.

రాత్రి డ్యూటీ మోడరేటర్:
అనుమతి రెండుసార్లు తీసుకోండి: రాసిచ్చినప్పుడొకసారి, మీరు దిద్దిన ప్రతి చూపించి, వారం ఆగాక మళ్లీ ఒకసారి. ఎప్పుడైనా తీసేయమనొచ్చు, కానీ స్క్రీన్‌షాట్లు మన చేతిలో ఉండవని ముందే చెప్పాలి. రేపు పెళ్లిచూపుల్లో, ఉద్యోగంలో, చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇది బయటపడితే ఫర్వాలేదా అని నేరుగా అడగండి. తటపటాయిస్తే ఆపేయడమే. ఏడాది కూడా గడవని అనుభవాలైతే నేను తీసుకోను.

పేరు మార్చినా సరిపోదు. ‘మియాపూర్, సెకండియర్ ఈసీఈ, అక్క కెనడాలో’ అంటే క్లాసంతా గుర్తుపడుతుంది. మూడింటిలో రెండు తీసేయండి. వీడియోలో మొహం మసక చేసి గోడ మీద ఫ్యామిలీ ఫొటో వదిలేయడం మామూలు పొరపాటు.

కామెంట్లు మీరు చూశాకే కనిపించేలా సెట్టింగ్ పెట్టండి. పోస్టు పొద్దున్నే వేయండి, శనివారం రాత్రి వేస్తే చూసే దిక్కుండదు. మొదటి మూడు రోజులు షిఫ్టుకు ఇద్దరు. ఎవరైనా ‘నాకూ ఇలాగే ఉంది’ అంటే హార్ట్ పెట్టి వదిలేయకుండా మెసేజ్‌లో ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఇవ్వండి, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఇప్పుడే ఉందంటే 112. ఆ నంబర్లు బొమ్మలో మాత్రమే పెడితే ఫోన్లో నొక్కడానికి రాదు, అక్షరాల్లోనూ రాయండి. వేసే ముందు డయల్ చేసి చూడండి.

కూకట్‌పల్లి వాలంటీర్:
కొడుకుని పోగొట్టుకున్న ఒకావిడ, బాబు పేరు, ఫొటోతో సరిగ్గా వర్ధంతి రోజునే వేయమంటున్నారు.

ఓపీ కౌన్సెలర్:
ఆమె కోరికను తేలిగ్గా తీసేయకండి. పేరు ఉంచండి, ఫొటో థంబ్‌నెయిల్‌లో కాకుండా లోపల చిన్నగా, దండ లేకుండా. మిగతా ఇంట్లోవాళ్లు కూడా సరేనన్నారా అడగండి. తేదీ మాత్రం మార్చమని బతిమాలండి. వర్ధంతి రోజు ఆమె పక్కన మనుషులుండాలి, చేతిలో ఫోన్, అందులో తెలియనివాళ్ల కామెంట్లు కాదు. ఎప్పుడు వేసినా ఆ సాయంత్రం ఒకసారి, మర్నాడొకసారి, వారం గడిచాక ఒకసారి ఆమెకు ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో ఇప్పుడే పేరు రాసుకోండి.