మొదటి బొంత పాత చీరలతోనా, కొత్త బట్టా దూదితోనా?

దారపుఉండ (సీతమ్మధార): మిషను ముట్టకుండా చేత్తో బొంత కుట్టడం నేర్చుకోవాలని ఉంది. పాత చీరలతో మొదలెట్టమని కొందరు, కొత్త కాటనూ మధ్యలో దూది పొరా తెచ్చుకోమని కొందరు అంటున్నారు. ఏది దారి?

ముతకనూలు: పాత చీరే. పసిపిల్లల బొంత, 36 × 45 అంగుళాలు, మొదట అది కుట్టండి. అయిదున్నర మీటర్ల నూలుచీర పొడవు సుమారు 216 అంగుళాలు, పన్నా 45. అడ్డంగా 36 అంగుళాల చొప్పున కోస్తే ఆరు ముక్కలు. నాలుగు పొరలకు సరిపోగా రెండు మిగులుతాయి. ఏళ్ల తరబడి ఉతికిన బట్ట ఇక కుదించుకోదు, రంగు వదలదు, సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఒక్క పోగు లాగి నిప్పు చూపించండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు. కరిగి పూసకట్టిందా, అది పాలియెస్టరు. దాని పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి, పక్కన పెట్టేయండి.

గాజువాక_సూది: ఏటండీ, సగం మాటే సెప్పారు! చీరను కిటికీకి అడ్డంగా పట్టి వెలుతురులో చూడండి. కుచ్చిళ్ళ దగ్గర, కూర్చున్నప్పుడు నలిగేచోట జల్లెడలా కనబడుద్ది. అలాంటి బట్టకి గట్టి పాలియెస్టరు దారం వేస్తే దారం నిలబడుద్ది, బట్ట కోసుకుపోద్ది. అంత కష్టపడి కుట్టింది రెండు ఉతుకులకే కుట్టు వెంట చిరిగితే ఎవరికి లాభం? కొత్త కాటన్ తీసుకోండి. ముందు ఒకసారి ఉతికి ఆరేస్తే గంజీ పోద్ది, గజానికి ఒకటి రెండంగుళాలు కుదించుకునేది అప్పుడే కుదించుకుంటది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుకుంటుందేమో చూడండి. మధ్యలో దూది బదులు 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి వంద గ్రాముల బరువు) పాలియెస్టరు షీటు చాలు.

ముతకనూలు: చిరుగు మాట ఒప్పుకుంటాను. అందుకే నలిగిన ముక్కలు లోపలికి, కొంగువైపు గట్టి ముక్కలు పైకీ కిందకీ. దారం కూడా నూలుదే. బెంగాల్ వాళ్ళ పాతచీరల బొంతల్లో, అదే కాంతాల్లో, చీర అంచు నుంచే పోగులు లాగి కుట్టేవారు. బట్టా దారమూ ఒకే బలంలో ఉంటే ఒకటి రెండోదాన్ని కోయదు.

దారపుఉండ: దూది మన విశాఖ తేమకు నిలుస్తుందా?

తడిగాలి (భీమిలి): విడి దూది పెడితే వానాకాలంలో అవస్థే. నీళ్ళు పీల్చిన దూది డాబా మీద రెండు రోజులకు కూడా లోపల ఆరదు, బూజు వాసన పట్టుకుంటుంది. కుట్టు వరుసలు రెండు మూడు అంగుళాలకు మించి దూరమైతే ఉతకగానే ఉండలు కడుతుంది. పాలియెస్టరు షీటు త్వరగా ఆరుతుంది గానీ మే నెలలో ఒంటికి చెమట. పైగా నేత పలచగా ఉంటే ఆ షీటు తెల్ల పోగులు బట్టలోంచి పైకి తేలతాయి, ముదురు రంగు మీద మరీ కనబడతాయి. అరకు, లంబసింగి చలికి దూదిబొంత సరే. విశాఖలో ఫ్యాను కింద కప్పుకోవడానికి నాలుగు పొరల చీర చాలు. కాబట్టి నా ఓటు ముతకనూలు గారికే, ఆయన చెప్పిన కారణానికి కాదు.

గాజువాక_సూది: సరే, ఆరడం సంగతిలో ఓడాను. కుట్టే పద్ధతి మాత్రం మారదు. నేల మీద అడుగు పొర పరిచి మూలలు టేపుతో అంటించి, ఒక్కో పొరా మధ్య నుంచి బయటికి అరచేత్తో నిమరాలి. నాలుగేసి అంగుళాలకు కచ్చా కుట్టు (పొరలు కదలకుండా వేసి, తర్వాత విప్పేసే పొడుగు కుట్టు) వేయాలి. అసలు కుట్టూ మధ్య నుంచే అంచుకి. అంచు నుంచి లోపలికొస్తే మిగులు బట్ట అంతా నడిమధ్య మడతై కూర్చుంటది, విప్పడం తప్ప దారి ఉండదు.

తడిగాలి: కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీ తెగవాళ్ళు తమ బొంతను, అదే కవాందిని, అంచు నుంచే మొదలెడతారు కదా?

గాజువాక_సూది: అక్కడ పైన ముక్కల్ని అంచులు మడిచి ఒక్కొక్కటే పెడుతూ కుట్టుకుపోతారు. ముందే పరిచిన పై బట్ట లేదు, మిగులెక్కడ?

ముతకనూలు: ఇక పని లెక్క. వరుసకు వరుసకు అంగుళం పెడితే 35 వరుసలు, ఒక్కోటి 45 అంగుళాలు. అంటే దాదాపు 40 మీటర్ల కుట్టు. దారం 18 అంగుళాలకు మించి తీసుకోకూడదు, పొడవైతే బట్టలోంచి లాగి లాగి నూగెత్తి ముడిపడుతుంది. ముడికీ చివరకూ పోగా ఒక్కో దారం పన్నెండు అంగుళాలు నడుస్తుంది, సుమారు 130 సార్లు సూదికి ఎక్కించాలి. చీర పొరల్లో ఉండకట్టేదేమీ లేదు కాబట్టి రెండంగుళాల దూరం సరిపోతుంది, పని సగం.

తడిగాలి: సూది 9వ నంబరు, పొట్టిది. నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. మధ్యవేలికి అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు) తప్పదు. దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగండి. అంగుళానికి అయిదు కుట్లు చాలు, చిన్నవి కావడం కంటే సమానంగా ఉండడం ముఖ్యం. మూడు నాలుగు కుట్లు సూదిమీదికి ఎత్తాక లాగి, వరుసను వేలితో సాగదీయండి. అలా సాగదీయకపోతే దారం బిగిసి బట్ట అప్పడంలా ముడుచుకుంటుంది.

దారపుఉండ: చీర తీశాను. మూడు చోట్ల జల్లెడ కనబడింది, పోగు మాత్రం బూడిదే. అవి పడ్డ ముక్కలు లోపలి పొరలకు.

గాజువాక_సూది: ఫాల్ విప్పడం మర్చిపోకండి. అది చాలాసార్లు పాలియెస్టరే. దాన్ని ఉంచి కోస్తే ఆ అంచు దగ్గర బొంత వంకర తిరుగుద్ది.