మా నాన్నగారు కాలవ లష్కరు. సంవత్సరీకానికి ఆయన మీద చిన్న పుస్తకం వేద్దామని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుమీద ఇల్లు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కోనసీమలో ఇరిగేషన్ లష్కరుగా (కాలవ గట్లు, తూములు చూసుకునే ఉద్యోగిగా) చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. పోయినేడు కార్తీకంలో కాలం చేశారు. సంవత్సరీకం భోజనాల సంగతి తమ్ముడు చూసుకుంటానన్నాడు, నేను మాత్రం ఆయన గురించి నలభై పేజీల పుస్తకం వేసి, వచ్చినవాళ్ళందరి చేతిలో పెట్టాలనుకుంటున్నాను. ఇంట్లో నాన్నగా ఎలా ఉండేవారో రాయగలను. గట్టు మీద ఏం చేశారో నాకంటే ఊళ్ళోవాళ్ళకే ఎక్కువ తెలుసు.

1986 ఆగస్టు వరదప్పుడు నేను రెండో తరగతి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. నాన్న మా పుస్తకాల సంచులు, రేషన్ కార్డు, అమ్మ పట్టుచీర ఒక గోనెసంచిలో కట్టి అటకెక్కించి, "గట్టు మీద మనుషులు చాలట్లేదు, నేను వెళ్ళాలి" అని మమ్మల్ని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. మేం బడి మేడ మీద ఉన్నాం. ఆయన తిరిగొచ్చేసరికి పాదాలు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి, వేళ్ళ సందుల్లో ఒరిసిపోయి ఉన్నాయి. అమ్మ కొబ్బరినూనె వెచ్చబెట్టి రాస్తుంటే కూర్చున్నచోటే నిద్రపోయారు.

మా వైపు చాలా ఊళ్ళలో కాటన్ దొర విగ్రహం ఉంటుంది. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన మనిషికి దణ్ణం పెట్టాల్సిందే, నేనూ పెడతాను. ఆ నీళ్ళని తర్వాత తరతరాలుగా తూము తూముకీ చేర్చినవాళ్ళ పేర్లు కూడా ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని నా ఆశ. ఆయన ఉద్యోగం వివరాలు ఎక్కడ దొరుకుతాయి? ఇలాంటి పుస్తకం వేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బొబ్బర్లంక లాకులు:

అమ్మా, నేనూ ఆ డిపార్టుమెంటులోనే చేసి రిటైరయ్యాను. చేరిన తేదీ, రిటైరైన తేదీ మీ అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఉంటాయి. ఏ ఏ సెక్షన్లలో చేశారో కావాలంటే ఆయన ఆఖరున పనిచేసిన ఆఫీసులో సర్వీసు రిజిస్టరు నకలు కోసం అర్జీ పెట్టండి, పలక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కానీ రిజిస్టరులో ఇంక్రిమెంట్లు, సెలవులు తప్ప మనిషి కనపడడు తల్లీ. ఆయనతో కలిసి తిరిగిన లష్కర్లు ఎవరెవరు ఉన్నారో కనుక్కుని ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళవీ పెద్ద వయసులే.

లష్కరు పని ఏమిటో వివరంగా ఒక పేజీ పెట్టండి, మీ పిల్లలకి ఆ మాటే తెలియకపోవచ్చు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మూడోది వచ్చిందంటే లష్కరు ఇక ఇంటికి రాడనే లెక్క. రాత్రంతా టార్చి లైటు వేసుకుని గట్టు పైనే కాదు, ఊరివైపు దిగువన, గట్టు మొదట్లో కూడా నడవాలి, ఎందుకంటే ఎలక బొరియలోంచో పీత బొక్కలోంచో నీళ్ళు ఊరేది అక్కడే. ఊట తేటగా ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బురదగా వస్తోందంటే లోపల మట్టి కోసుకుపోతోందని, ఆలస్యమైతే గండి పడుతుందని అర్థం. అప్పుడు ఆ ఊట చుట్టూ ఇసుక బస్తాలు రింగులా పేర్చి నీటిని లోపలే నిలబెట్టాలి. ఆ తరంవాళ్ళు చీకట్లో ఊట నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య గరుకు తగిలిందా లేదా చూసి చెప్పేసేవారు. మీ నాన్నగారికీ ఆ విద్య వచ్చే ఉంటుంది, తోటివాళ్ళని అడగండి.

శివారు చేను:

ఆయ్, మాది అల్లవరం వైపండి, కాలవ చిట్టచివర. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్ళు తగ్గి వంతులు పెట్టినప్పుడు మా చేలు తడిశాయంటే లష్కరు గట్టిగా నిలబడ్డాడనే లెక్క. పైనున్న రైతులు వంతు అయిపోయినా తూము తలుపు దించనివ్వరు, రాత్రిపూట కాలవకి అడ్డుకట్టలు వేస్తారు, వాళ్ళకీ చేను ఎండుతుంటే భయమే కదా. మా లష్కరు గారు సొంత బావమరిది చేనుకి కూడా వంతు దాటి నీళ్ళు ఇవ్వలేదు, దానిమీద రెండిళ్ళకీ చాలాకాలం మాటల్లేవు. అందుకే చెప్తున్నాను, మీ నాన్నగారితో గొడవపడినవాళ్ళని కూడా కలవండి. ఆయన ఎలాంటి ఉద్యోగి అనేది మెచ్చుకున్నవాళ్ళకంటే వాళ్ళ నోటి నుంచే బాగా తెలుస్తుంది.

అమలాపురం మేష్టారు:

మా నాన్నగారు పోస్ట్‌మాన్. ఆయన మీద మేం వేశాం. నాయకుల సందేశాలు, వాళ్ళ ఫొటోలు మొదటి పేజీల్లో పెట్టమని బంధువులు పట్టుబడతారు, ఒప్పుకోకండి. అమ్మగారి మాటలు ఫోనులో రికార్డు చేసి, ఆవిడ యాసలోనే, ఆవిడ వరసలోనే రాయండి, సరిదిద్దకండి. చదివేవాళ్ళలో సగంమంది పెద్దవాళ్ళు, అక్షరం పెద్దది వేయించండి. ఊరి లైబ్రరీకి, లాకుల దగ్గర ఆఫీసుకి తలో కాపీ ఇవ్వండి. తమ్ముడి భోజనాలు మాత్రం తగ్గించొద్దు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కాలవని దాటించే కొత్త అక్విడక్టుకి, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నవాళ్ళం, వచ్చినవాళ్ళని ఆకలితో పంపం కదా.

గట్టుమీద ఇల్లు:

అందరికీ పేరుపేరునా దణ్ణాలు. శివారు చేను గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపిస్తే, మా పెదనాన్నగారి చేను విషయంలోనూ అచ్చం అలాగే జరిగిందని ఇప్పుడు చెప్పింది, ఇన్నాళ్ళూ మాకు తెలియనే తెలియదు. ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను, ఫోను నిండా ఛార్జింగు పెట్టుకుని. మేష్టారూ, అక్షరం పెద్దదంటే ఎంత సైజు చెప్పమంటారు ప్రెస్సువాళ్ళకి?

అమలాపురం మేష్టారు:

పదహారు పాయింట్లు చెప్పండమ్మా. అచ్చుకి ఇచ్చేముందు ఒక పేజీ తీయించి అమ్మగారిచేత చదివించి చూడండి.