కాలేజీలో ఇంకా ఆరు వారాలే ఉన్నాయి, ఏం చేస్తే తర్వాత బాధ ఉండదు?

ఆఖరి_సెమిస్టర్:

అందరికీ నమస్తే. మా చివరి సెమిస్టర్ అయిపోవడానికి సరిగ్గా ఆరు వారాలు ఉంది. ఈ నాలుగేళ్లు ఎప్పుడు గడుస్తాయా అని రోజులు లెక్కపెట్టినదాన్ని, ఇప్పుడు అదే లెక్క వేస్తే కడుపులో తిప్పినట్టు ఉంటోంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ సగంలో ఉంది, గైడ్‌గారు మూడో చాప్టర్ మళ్లీ రాయమన్నారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, రెండు ఇంటర్వ్యూల ఫలితం రావాలి. మా గ్యాంగ్ రోజుకో ప్లాన్ వేస్తోంది, ట్రిప్ అంటారు, ఫోటోషూట్ అంటారు. వెళ్తే రిపోర్ట్ గుర్తొస్తుంది, వెళ్లకుండా రూమ్‌లో కూర్చుంటే వాళ్ల ఫోటోలు చూసి ఏదో పోగొట్టుకుంటున్నట్టు ఉంటుంది. నిన్న రాత్రి అయితే రెండూ చేయలేదు, ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ ఉండిపోయాను, పొద్దున్న లేచాక ఏడుపొచ్చింది.

ఇంకో విషయం కూడా ఉంది. మొదటి రెండేళ్లు నాతో ఒకే రూమ్‌లో ఉన్న అమ్మాయితో గొడవై ఏడాదిన్నరగా మాటల్లేవు. తనకి సంబంధించిన ఒక సొంత విషయం నేను వేరేవాళ్ల దగ్గర అనేశాను, అది తన దాకా వెళ్లింది. తప్పు నాదే. వెళ్లిపోయేలోగా మాట్లాడాలా, లేక మానిన గాయాన్ని మళ్లీ కెలికినట్టు అవుతుందా అని తేల్చుకోలేకపోతున్నాను.

చదువు అయిపోయిన అక్కలు, అన్నలు చెప్పండి. ఆ చివరి రోజుల్లో చేసిన ఏ పని ఇప్పటికీ మంచిదైంది అనిపిస్తుంది? ఏది చేయనందుకు బాధపడతారు? "ఎంజాయ్ చెయ్యి" అని మాత్రం అనకండి, ఎలా చేయాలన్నదే తెలియట్లేదు.


వెనక_మెట్లు:

నాది అయిపోయి తొమ్మిదేళ్లు చెల్లీ. ముందు ట్రిప్ సంగతి చెబుతాను. మేమూ వెళ్లాం, మూడు రోజులు, ఫోటోలు ఆరేడు వందలు ఉన్నాయి, వాటిని చివరిసారి ఎప్పుడు తెరిచానో గుర్తు లేదు. మా ల్యాబ్ బ్లాక్ వెనక ఏడు మెట్లు ఉండేవి, పైనుంచి మూడో మెట్టు అంచు విరిగి ఉండేది, సాయంత్రం క్లాసులు అయ్యాక నలుగురం అక్కడ చేరేవాళ్లం. ఎవరూ ఎవర్నీ పిలిచేది లేదు, వెళ్తే ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఆ మెట్ల ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు, ఇప్పుడు మేం ఫోన్‌లో కలిస్తే మాట్లాడుకునేది మాత్రం వాటి గురించే. అక్కడ చివరిసారి ఏ రోజు కూర్చున్నామో కూడా ఎవరికీ తెలియదు. ఒకడికి ఇంటర్వ్యూ వచ్చింది, ఇంకొకడు రిపోర్ట్ బైండింగ్ అంటూ తిరిగాడు, నేను నా సామాన్లు సర్దుకునే పనిలో పడ్డాను, అలా చెదిరిపోయాం.

ట్రిప్‌కి రెండేళ్ల తర్వాతైనా వెళ్లొచ్చు. చెప్పాపెట్టకుండా వెళ్లి పక్క రూమ్ తలుపు తట్టడం మాత్రం ఇక కుదరదు, ఇప్పుడు నేను నా స్నేహితుణ్ని కలవాలంటే ఇద్దరం మూడు వారాల ముందు నుంచి ఖాళీ వెతుక్కోవాలి. అందుకని ఒక మామూలు రోజుని దాచుకో. వాళ్లకి చెప్పే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు, పదిహేను నిమిషాలు ఏవో పిచ్చాపాటీ మాటలు, ఎవరు ఎలా నవ్వుతారు, ఎవరు మధ్యలో అడ్డుపడతారు, అవన్నీ అందులో ఉంటాయి. మా నలుగురిలో ఒకడి గొంతు ఎలా ఉండేదో తలుచుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు, వాడు లేడు.

రోజులు లెక్కపెడితే కడుపులో తిప్పుతోంది అన్నావు కదా, ఆ లెక్క మానకు. జైమీ కర్ట్జ్ అనే సైకాలజిస్ట్ 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు, అందులో పాల్గొన్నవాళ్లు సరిగ్గా నీలాంటివాళ్లే, చదువు పూర్తి కావడానికి ఆరు వారాలు ఉన్న విద్యార్థులు. అందరికీ ఉన్న సమయం ఒకటే, కానీ కొందరిని ముగింపు దగ్గర పడిందన్నట్టు తలుచుకుని కాలేజీ జీవితం గురించి రాయమన్నారు, ఇంకొందరిని ఇంకా చాలా టైమ్ ఉందన్నట్టు రాయమన్నారు. రెండు వారాల తర్వాత చూస్తే దగ్గర పడిందని తలుచుకున్నవాళ్లలోనే సంతోషం ఎక్కువ పెరిగింది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. అయిపోతోందని తెలిసిన మనిషి సాయంత్రం ఆ మెట్ల దగ్గరికి వెళ్తాడు, ఇంకా ఉందిలే అనుకున్నవాడు రేపు చూద్దాం అంటాడు.


నో_డ్యూస్:

పై అన్న చెప్పింది మనసుకి సంబంధించింది. నేను కాగితాల గురించి చెబుతాను, నేను దెబ్బ తిన్నది అక్కడే.

చదువు అయిపోయిన నాలుగు నెలలకి నా కాలేజీ మెయిల్ అకౌంట్ మూసేశారు. ముందే హెచ్చరిక పంపారట, అదే అకౌంట్‌కి పంపారు, నేను అప్పటికి దాన్ని తెరవడం మానేశాను. ప్రాజెక్ట్ రీడింగులు ఉన్న షీట్లు, ఇంటర్న్‌షిప్ లెటర్, గైడ్‌గారితో రెండేళ్లు నడిచిన మెయిళ్లు అన్నీ పోయాయి. ఏడాది తర్వాత పై చదువుకి అప్లై చేస్తుంటే నా ప్రాజెక్ట్ డేటా చూపించమన్నారు, నా దగ్గర ప్రింట్ చేసిన రిపోర్ట్ తప్ప ఇంకేమీ లేదు.

అందుకే ఈ వారమే ఒక సాయంత్రం దీనికి కేటాయించు. నీది గూగుల్ మీద నడిచే కాలేజీ అకౌంట్ అయితే అందులో మెయిళ్లని, డ్రైవ్‌లోని ఫైళ్లని నేరుగా నీ సొంత జీమెయిల్‌కి కాపీ చేసే సదుపాయం ఉంది, కాలేజీ అడ్మిన్ దాన్ని ఆపి ఉంచితే గూగుల్ టేకౌట్‌తో డౌన్‌లోడ్ అయ్యేలా ఉందేమో చూడు. డ్రైవ్‌లో చాలామంది మర్చిపోయేది ఒకటి ఉంది. టీమ్‌మేట్ తయారుచేసి నీకు షేర్ చేసిన ఫైల్ నీది కాదు, వాళ్ల అకౌంట్ పోతే అదీ పోతుంది, దానికి నీ కాపీ నువ్వు చేసుకోవాలి. ఆ తర్వాత ఆ మెయిల్‌తో తెరిచిన ఇతర అకౌంట్లన్నీ గుర్తు చేసుకో, గిట్‌హబ్, లింక్డ్ఇన్, ఉద్యోగాల సైట్లు, వాటన్నిట్లో సొంత మెయిల్ పెట్టు. లేదంటే ఎప్పుడో పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజున ఆ లింకు చచ్చిపోయిన మెయిల్‌కి వెళ్తుంది. స్టూడెంట్ లైసెన్స్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పని ఉంటే పీడీఎఫ్‌గానో సీఎస్‌వీగానో మామూలుగా తెరుచుకునే రూపంలో తీసి పెట్టుకో, లైసెన్స్ అయిపోయాక సొంత డిజైన్‌నే తెరవలేక కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. లైబ్రరీ ద్వారా చదివే జర్నల్స్ కూడా చాలాచోట్ల చదువుతో పాటే ఆగిపోతాయి, రిపోర్ట్‌కి కావలసిన పేపర్లు ఇప్పుడే దించుకో.

సర్టిఫికెట్లు చేతికి రాకముందే రికార్డుల్లో నీ పేరు ఎలా ఉందో అడిగి చూసుకో, అక్షరం అక్షరం, ఇంటిపేరు ముందా వెనకా అన్నదీ, పుట్టిన తేదీ కూడా. కాలేజీలో ఉన్నప్పుడు అది ఆఫీస్ కిటికీ దగ్గర పది నిమిషాల పని. బయటికి వెళ్లాక అదే పనికి సెలవు పెట్టి, ప్రయాణం చేసి, సంబంధిత గుమస్తా ఆ రోజు రాలేదని విని వెనక్కి రావాలి. లైబ్రరీ పుస్తకం ఏదైనా పోయి ఉంటే ఇప్పుడే చెప్పి తేల్చుకో, ఆఖరి వారం నో డ్యూస్ లైన్‌లో తెలిస్తే ఆ రోజంతా పోతుంది.


బోర్డు_ముందు:

నేను పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అమ్మా, నీ మూడో చాప్టర్ ఈ పది రోజుల్లో పూర్తి చేసి ఇచ్చెయ్యి. బాగా రాకపోయినా ఇవ్వు. ఆఖరి పది రోజుల్లో గైడ్ గది బయట వరస ఉంటుంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు కూడా దొరకవు, ఇప్పుడు వెళ్తే అదే మనిషి నీ పక్కన కూర్చుని పేజీ పేజీ చూస్తారు. ఉదయం రెండు గంటలు ఫోన్ వేరేచోట పెట్టి రాసుకుంటే సాయంత్రాలు నీవి అవుతాయి. సాయంత్రం స్నేహితులతో ఉన్నప్పుడు రిపోర్ట్ గుర్తొచ్చినా ఉదయం నా వంతు చేశాను అన్న ధైర్యం ఉంటుంది. రెండు మనసులతో కూర్చోవడం వల్లే నువ్వు అంత అలసిపోతున్నావు.

రికమెండేషన్ లెటర్ ఇప్పుడు అవసరం లేకపోయినా "తర్వాత అడగొచ్చా సార్" అని ఒక మాట అడిగి పెట్టుకో. నాకు ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, మూడేళ్ల తర్వాత పేరు చెబితే ముఖం గుర్తొస్తుంది కానీ నువ్వు ఏ ప్రయోగం బాగా చేశావో గుర్తు రాదు. నువ్వు చేసిన పని గురించి నాలుగు వాక్యాలు రాసి పంపితే అది నా మెయిల్‌లో ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక అబ్బాయి ఆఖరి రోజు నా గదికి వచ్చి మడత పెట్టిన కాగితం ఒకటి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. వెనక బెంచీలో కూర్చునేవాడు, మూడేళ్లలో నాతో పది మాటలు కూడా మాట్లాడి ఉండడు. రెండో ఏడాదిలో ఒక లెక్క అర్థం కాలేదని చెయ్యెత్తితే అందరూ నవ్వారట, నేను "మంచి ప్రశ్న, నేనే సరిగ్గా చెప్పలేదు" అని మొదటి నుంచి చెప్పానట, ఆ రోజు నుంచి క్లాసులో భయం పోయిందని రాశాడు. నాకు ఆ రోజు అస్సలు గుర్తు లేదు. ఆ కాగితం ఇంకా నా డ్రాయర్‌లో ఉంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో దీని మీదే ఒక పేపర్ రాశారు. థ్యాంక్స్ చెబుతూ ఉత్తరం రాసేవాళ్లు ఎదుటివాళ్లకి ఇబ్బందిగా ఉంటుందేమో అని అసలు ఉన్నదానికన్నా ఎక్కువ అనుకుంటారు, వాళ్లు ఎంత సంతోషిస్తారన్నది తక్కువ అంచనా వేస్తారు. అందుకున్నవాణ్ని కాబట్టి ఇది నిజమని నేను చెప్పగలను. టీచర్లకే రాయాలని లేదు, మీకోసం ల్యాబ్ అరగంట ఎక్కువ తెరిచి ఉంచినవాళ్లు, రాత్రి గేటు దగ్గర ఉండి పేరు పెట్టి పలకరించినవాళ్లు ఉంటారు కదా. వాళ్లు ఫలానా రోజు ఏం చేశారో అదే చెప్పు.


ఆలస్యంగా_అడిగిన_క్షమాపణ:

రూమ్‌మేట్ విషయం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాట్లాడు.

నాకూ ఇలాంటిదే జరిగింది. నేను ఆఖరి వారం దాకా వాయిదా వేశాను. ఆమె రెండు రోజుల ముందే వెళ్లిపోయిందని వాళ్ల రూమ్ ముందు నిలబడ్డాక తెలిసింది, మంచం మీద పరుపు చుట్టి ఉంది, గోడకి ఆమె అంటించిన టైమ్‌టేబుల్ మాత్రం ఉంది. తర్వాత మెసేజ్ పెట్టాను, జవాబు వచ్చింది, మర్యాదగానే వచ్చింది, కానీ మెసేజ్‌లో మర్యాద ఎంత ఉన్నా ముఖం కనిపించదు కదా.

ఎలా చెప్పాలో కూడా చెబుతాను. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లు, స్నేహితుల ముందు వద్దు. "నీ విషయం నేను వేరేవాళ్లకి చెప్పాను, అది తప్పు, నన్ను క్షమించు, నువ్వు ఏమీ అనక్కర్లేదు, ఇది చెప్పాలనే వచ్చాను" అంతే. నేను ఎందుకు అలా అన్నానంటే అని మొదలుపెట్టకు, ఆ కారణాలు నీకు కావాలి, ఆమెకి అక్కర్లేదు. మళ్లీ ఫ్రెండ్స్ అవుదామని కూడా అడగకు, అది ఆమె మీద ఇంకో బరువు. ఆమె సరే అని తలుపు వేసుకోవచ్చు, కోప్పడవచ్చు, దానికి సిద్ధపడి వెళ్లు. గాయం మానిందన్నావు, అది నీ వైపు నుంచి చూసి అంటున్న మాట, ఆమెనే అడిగితే తప్ప తెలియదు.


ఊపిరి:

చిన్న మాట. నాకు నా కాలేజీ నచ్చలేదు, చివరి వారాల్లో అందరూ కౌగిలించుకుని ఏడుస్తుంటే నాకు ఏమీ అనిపించలేదు, నాలో ఏదో లోపం ఉందేమో అని చాలా రోజులు బాధపడ్డాను. ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటే బలవంతంగా జ్ఞాపకాలు పోగెయ్యకండి. నేను లైబ్రరీలో కిటికీ పక్క సీట్లో ఒక వారం రోజులు కూర్చుని నాకిష్టమైన పుస్తకాలు చదువుకున్నాను, నా చివరి రోజులు అవే, అవి బాగున్నాయి.

ఇంకొకటి, ఉద్యోగం గురించి. దగ్గరి స్నేహితుల దగ్గరే ఆగిపోకుండా ముఖపరిచయం ఉన్నవాళ్ల నంబర్లు కూడా తీసుకోండి. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లోనే రాశారు, ఉద్యోగాల కబురు చాలాసార్లు మనకి అంతంతమాత్రం తెలిసినవాళ్ల ద్వారానే వస్తుందని, ఎందుకంటే దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. నాకు మొదటి ఉద్యోగం చెప్పింది వేరే బ్రాంచ్ అమ్మాయి, బస్సులో పక్కన కూర్చునేది, అంతే పరిచయం.


ఆఖరి_సెమిస్టర్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఒక్కొక్కటి రెండుసార్లు చదివాను. ట్రిప్‌కి రానని మా వాళ్లకి చెప్పాను, ఒకరోజు అలిగారు, దాని బదులు రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఎక్కడికీ వెళ్లకుండా మా హాస్టల్ టెర్రస్ మీద కూర్చుందాం అంటే ఒప్పుకున్నారు. నో డ్యూస్ అన్నా, ఆఫీస్‌కి వెళ్లి చూస్తే మా నాన్న పేరులో ఒక అక్షరం తప్పు ఉంది, అప్లికేషన్ ఇచ్చి వచ్చాను. చాప్టర్ సగం అయింది సార్, శుక్రవారం ఇస్తాను.

నిన్న మధ్యాహ్నం తన రూమ్‌కి వెళ్లాను. అక్క రాసిన మాటలే దాదాపు చెప్పాను, మధ్యలో గొంతు పట్టేసింది. తను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను ఆ రోజు నుంచి ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు తెలుసా" అంది. నేను ఏమీ అనలేకపోయాను. వచ్చేస్తుంటే మా పాత రూమ్‌లో నేను వదిలేసిన టేబుల్ ల్యాంప్ తీసి ఇచ్చింది, ఏడాదిన్నర నుంచి తన దగ్గరే ఉందట, వైరు చక్కగా చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది.